తప్పు చెప్పాకే శాలువా

మా నాడోడి క్లబ్బులో కొండ ఎక్కనివాడు లేడు. ఎక్కి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ చాపి ఫొటో దిగనివాడు అసలే లేడు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, కోయంబత్తూరు పీళమేడులో ఒక కల్యాణమండపం మేడ మీద కూర్చుని ఆ ఫొటోలు చూస్తున్నాను. స్పితి లోయకు మోటారుసైకిలు మీద పోయివచ్చినవాళ్ళు, మంగోలియా గుడారంలో గుర్రం పాలు తాగి వాంతి చేసుకున్నవాళ్ళు, అండమాను నీళ్ళ అడుగున చేపలకు చెయ్యి ఊపినవాళ్ళు, అందరి ఉపన్యాసాలూ విన్నాను. విని ఊరుకోలేదు, రాశాను కూడా. క్లబ్బు మినిట్సు పుస్తకం నా దగ్గరే ఉంటుంది. స్పిన్నింగు మిల్లు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైనదాన్ని కనక రాత పని ఎక్కడున్నా వచ్చి నా నెత్తిన పడుతుంది.

నాడోడి అంటే అరవంలో దేశదిమ్మరి. మా వాళ్ళెవరూ దేశదిమ్మరులు కారు. పంపుల ఫ్యాక్టరీలు, మోటారు వర్క్‌షాపులు ఉన్న నాయుళ్ళు. పది రోజులు దిమ్మరితనం చేసి, సోమవారం పొద్దున్నే వచ్చి ఫ్యాక్టరీ గేటు తెరిపిస్తారు.

క్లబ్బు పెట్టింది రత్నసభాపతి గారు. బడిలో భూగోళం చెప్పిన మేష్టారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఉపన్యాసం అయ్యాక, మాట్లాడినవాడు ఆ ప్రయాణంలో తాను చేసిన తప్పు ఒకటి అందరి ముందూ చెప్పాలి. తప్పు చెప్పాకే శాలువా. ఆ తప్పును పుస్తకంలో రాసిపెట్టాలి, రేపు అదే దారిన పోయేవాడు చదువుకుని జాగ్రత్తపడాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ నిజం తప్పులే చెప్పారు. మందుల సంచీ బస్సులో మరిచిపోయి తమ్ముణ్ణి చావు దాకా తీసుకుపోయానని ఒకాయన నిలబడే ఏడ్చాడు. మేష్టారు పోయాక తప్పులు ముద్దొచ్చేవిగా మారాయి. సాక్సులు తక్కువ తీసుకుపోయానని ఒకడు చెబుతాడు. పెళ్ళాన్ని వెంట తీసుకుపోవడమే నా తప్పని ఇంకొకడు చెబుతాడు. హాలంతా నవ్వుతుంది. పాపం ఆ పెళ్ళాం కూడా నవ్వుతుంది. ఒళ్ళు మండుతున్నా అవన్నీ రాశాను.

ఏ యాత్రకు ఏ డ్రైవరు వచ్చాడో, ఎలా తోలాడో కూడా రాస్తాను కనక ఈ పుస్తకానికి ఊళ్ళో విలువ ఉంది. పళనికి పోయే భజన బృందం వాళ్ళు, కంబం వైపు పెళ్ళికి పోయేవాళ్ళు వ్యాను మాట్లాడుకునే ముందు నాకే ఫోను చేస్తారు, ఏ డ్రైవరు మంచివాడని. నేను పుస్తకం తిరగేసి చెబుతాను. అందులో మంచి అని ఉన్నవాడికి క్షణం తీరిక ఉండదు. చెడ్డ అని పడినవాణ్ణి ఇక పిలిచేవాడు ఉండడు. మా వ్యాను డ్రైవరు మాణిక్కం పేరు అందులో పందొమ్మిది చోట్ల ఉంది. పందొమ్మిదీ మంచివే.

ఆ ఆదివారం పొద్దున మాణిక్కం చేతికర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అతను తమిళుడు. ఇరవై ఏళ్ళుగా మా వాళ్ళను తిప్పి తిప్పి మా ఇళ్ళ తెలుగు పట్టేశాడు. మా పిల్లలకన్నా బాగా మాట్లాడతాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కుడి మోకాలు సరిగా వంగదు.

"అమ్మా, ఈ పొద్దు ముదలాళి మాట్లాడతారంట కదా" అన్నాడు.

ముదలాళి అంటే అరవంలో యజమాని. అతను అలా పిలిచేది మా క్లబ్బు అధ్యక్షుడు నవనీతకృష్ణన్‌ను. పంపుసెట్ల ఫ్యాక్టరీ యజమాని. నాకన్నా మూడేళ్ళు పెద్ద. అయినా పేరు పక్కన గారు పెట్టబుద్ధి కావడం లేదు.

"ఆమా, మాట్లాడతారు" అన్నాను.

"కడాసిలో తప్పు సెప్పాల కదా. ఏమి సెప్తారో మీకు తెలుసునా?"

తెలుసు. ఆర్నెల్లుగా పెళ్ళిళ్ళలో, గుళ్ళో, బ్యాంకు క్యూలో ఆయన చెబుతూనే ఉన్నాడు. డ్రైవరు నిద్ర తూగి వ్యానును వాగులో దింపాడని, దేవుడి దయ వల్ల మేము బతికి బయటపడ్డామని.

"వండి తోలొచ్చునని డాక్టరు సెప్పి రెండు నెల్లాయె" అన్నాడు మాణిక్కం. వండి అంటే అతని వ్యాను. "ఒగరు కూడా పిలవలేదు. ఇంక పుస్తకంలో కూడా ఎక్కిపోతే అంతే. నాకు వేరే పని తెలీదమ్మా. రాసేది మీరే కదా."

"సూస్తాం పో, మాణిక్కం" అన్నాను.

మా ఇళ్ళల్లో 'సూస్తాం' అంటే ఏమిటో ఇరవై ఏళ్ళుగా వింటున్న మనిషి.  గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.  నా మీద నాకే రోత పుట్టింది. ఎందుకంటే ఆ వ్యానులో నేనూ ఉన్నాను.

నిరుడు ఆగస్టులో నవనీతకృష్ణన్ ఒక యాత్ర పెట్టాడు. దానికి పూర్వీకుల దారి అని పేరు. మా పెద్దలు నాలుగైదు వందల ఏళ్ళ కింద కృష్ణకు అవతలి నుంచి దిగివచ్చారని మా ఇళ్ళల్లో చెప్పుకుంటారు. ఆ దారిన వెనక్కి పోయి చూడాలని పథకం. డ్రైవరు కాక పన్నెండు మందిమి. ముందు సీట్లో నవనీతకృష్ణన్, అతని వెనక సీట్లో నేను, నా పక్కన అతని తమ్ముడి కూతురు కృత్తిక. చిత్తూరు దాటిన దగ్గర్నుంచి ప్రతి టీకొట్టు దగ్గరా దిగి "మేమూ తెలుగోళ్ళమే" అని చెప్పుకుంటూ పోయాం. మా మాట విని వాళ్ళు నవ్వారు. మేము అది మెచ్చుకోలు అనుకున్నాం.

మాట్లాడతాం, నిజమే. చదవడం రాదు. మేము చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మా కంటికి ఉట్టి గుండ్రాలు. రెండేళ్ళ కింద మా నాయుళ్ళ సంఘంలో శనివారం శనివారం అక్షరాల క్లాసు పెట్టారు. నవనీతకృష్ణన్ దీపం వెలిగించాడు, పలక మీద 'అ' దిద్దుతూ ఫొటో దిగాడు, మరుసటి వారం నుంచి మళ్ళీ కనపడలేదు. నేను నాలుగు వారాలు పోయి 'ఋ' దగ్గర మానేశాను. కాబట్టి అతనికి చదవడం రాదని నాకు తెలుసు. నాకు రాదని అతనికీ తెలుసు. ఇప్పుడు ఈ అక్షరాల్లోనే ఇదంతా రాస్తున్నాను గాని, ఇవి నాకు వచ్చింది ఈ గొడవంతా అయ్యాకే. ముందే వచ్చి ఉంటే రాయవలసింది ఏమీ ఉండేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం నల్లమల అడవి అంచున ఒక సన్నపు రోడ్డు మీద పోతున్నాం. తుంపర పడుతోంది. ఫోన్లలో సిగ్నల్ పోయి గంటయింది. రోడ్డు రెండుగా చీలిన చోట గుంజకు ఒక రేకు కట్టి ఉంది. దాని మీద ఎర్ర పెయింటుతో ఎవరో చేత్తో మూడు వరసలు రాశారు. మాణిక్కం వ్యాను ఆపాడు.

"ముదలాళీ, ఏమి రాసి ఉండాది?"

నవనీతకృష్ణన్ దిగాడు. నేరుగా బోర్డు చదవడానికి కాదు. "కృత్తికా, ఒగ ఫొటో తియ్యి. అడివిలో మన బాస సూడు" అంటూ గుంజ మీద చెయ్యి వేసి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. ఫొటో అయ్యాక బోర్డు వైపు తిరిగాడు. నేను కిటికీలోంచి అతని కళ్ళనే చూస్తున్నాను. చదివేవాడి కళ్ళు వరస వెంట జరుగుతాయి. అవి ఒకే చోట ఉన్నాయి.

"ఏమి సెప్తుండాది ముదలాళీ? నేరుగా పోవచ్చునా?" మాణిక్కం మళ్ళీ అడిగాడు.

"మెల్లగా పొమ్మని రాసినారు. మలుపులు ఉండాయంట. నేరుగా పో" అన్నాడు నవనీతకృష్ణన్.

పన్నెండు మంది తెలుగువాళ్ళం. ఒక్కరం నోరు తెరవలేదు. తెరిస్తే, అయితే నువ్వు చదువు అంటాడు. మూడు రోజులుగా టీకొట్ల దగ్గర గుండెలు బాదుకుని చెప్పుకున్న గొప్పంతా అక్కడికక్కడ మట్టిలో కలుస్తుంది. "మాణిక్కం, కొంచెం ఆగు, ఎవరన్నా వస్తే అడుగుదాం" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. సిగ్గేసింది. ఇంకే కారణమూ లేదు, వెతికినా దొరకదు.

మెల్లగా పొమ్మన్నారని మెల్లగానే పోయాడు మాణిక్కం. అందుకే మేము బతికాం. అరకిలోమీటరు పోయి వంపు తిరిగితే వాగు, వాగు మీద సగం మాత్రమే మిగిలిన వంతెన. బ్రేకు తొక్కి స్టీరింగు ఎడమకు తిప్పి, మేము కూర్చున్న వైపును గట్టు మీద నిలబెట్టాడు. తన వైపు చక్రం మాత్రం దిగిపోయింది. మాకు గీతలు, బొప్పులు. అతని కుడికాలు పెడళ్ళ మధ్య నలిగింది. అరుపులకు గొర్రెలు కాసేవాళ్ళు ఇద్దరు పరుగెత్తుకొచ్చి రేకులు వంచి అతన్ని బయటికి తీశారు.

వాళ్ళలో పెద్దాయన మా మొహాలు చూసి, "ఆడ బోర్డు పెట్టినాం గదయ్యా, సూల్లేదా?" అని అడిగాడు.

అప్పుడు అన్నాడు నవనీతకృష్ణన్ ఆ మాట. మాణిక్కం అక్కడే బురదలో పడుకుని మూలుగుతున్నాడు. "డ్రైవరు నిద్ర తూగినాడు" అన్నాడు. ఎంత చప్పున అన్నాడంటే, ముందే నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నట్టు. మా పదకొండు మందిలో ఎవరం కాదనలేదు. మరునాడు రైలెక్కి ఇళ్ళకు వచ్చేశాం. మాణిక్కం ఆ ఊరి ఆస్పత్రిలో ఇరవై ఆరు రోజులు ఉన్నాడు. అతని భార్య కనకం ఒక్కతే, తెలుగు ముక్క రానిది, నాలుగు బస్సులు మారి అక్కడికి పోయింది. మేము పన్నెండు మందిమీ కలిసి ఒక బుట్ట యాపిల్ పళ్ళు పంపాం.

కృత్తిక తాను తీసిన బోర్డు ఫొటోను మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పొగిడి పొగిడి చంపారు. ఆ ఫొటోను తెలుగు వచ్చినవాళ్ళు ఎవరికి చూపినా క్షణంలో చదివి చెబుతారు. నేను ఎవరికీ చూపలేదు. అందులో ఏముందో తేలిపోతే ఆ తరువాత ఊరుకోవడం కష్టమని.

ఇక ఆ ఆదివారం సాయంత్రం. హాలు కిటకిటలాడింది. నూటపది కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు. మాణిక్కం చివరి వరసలో గోడ వారగా కాలు చాపుకుని కూర్చున్నాడు. అతన్ని రమ్మన్నవాళ్ళు లేరు. పొమ్మనే ధైర్యం చేసినవాళ్ళూ లేరు. బోండా ప్లేటు మాత్రం అతని ముందు నుంచి రెండుసార్లు దాటిపోయింది.

నవనీతకృష్ణన్ నలభై నిమిషాలు మాట్లాడాడు. తమిళంలో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి దూకి, గొంతు వణకవలసిన చోట మా తెలుగులోకి దిగాడు. కృత్తిక ల్యాప్‌టాప్ నొక్కుతుంటే గోడ మీద ఫొటోలు ఒక్కొక్కటే వచ్చాయి. పూర్వీకుల మట్టిని నుదుట పెట్టుకున్న ఫొటో ఒకటి. ఆ మట్టి టీకొట్టు పక్కన గ్లాసులు కడిగే చోటిది, నేను చూశాను. తరువాత గోడ నిండా ఆ బోర్డు వచ్చింది, పక్కన నవనీతకృష్ణన్.

 ఆ ఫొటో చూపించడానికి ఇతనికి ఎంత ధైర్యం అనుకున్నాను. తరువాత అర్థమైంది, అది ధైర్యం కాదు. నమ్మకం. ఈ హాల్లో చదవగలిగినవాడు ఒక్కడూ లేడన్న నమ్మకం.

"అడివి నడాన మన అమ్మ బాస. ఈ అచ్చరాలు సూడంగానే నా ఒళ్ళు జల్లుమనె" అన్నాడు.

చప్పట్లు. నూటపదికి పైగా తెలుగువాళ్ళు గోడ మీది ఎర్ర అక్షరాలను చూసి చప్పట్లు కొట్టారు. అందులో ఏముందని అడగబుద్ధి అయినవాడు ఒక్కడు లేడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మాణిక్కం ముందుకు వంగి గోడనే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. తిట్టుకుంటున్నాడనుకున్నాను.

ఆ తరువాత వాగులోకి వంగిన వ్యాను ఫొటో వచ్చింది. నవనీతకృష్ణన్ గొంతు తగ్గించాడు. దేవుడు, ప్రాణాలు, పునర్జన్మ, అన్నీ చెప్పాడు. కృత్తిక శాలువా పట్టుకుని పక్కకు వచ్చి నిలబడింది.

"రత్నసభాపతి సార్ పెట్టిన రూలు. మన తప్పు మనమే సెప్పుకోవాల" అన్నాడు చేతులు జోడించి. "నా తప్పు ఒగటే. మనిషిని నమ్మితిని. నిద్ర తూగేవాని చేతిలో పన్నెండు ప్రాణాలు పెడితిని. ఇంక మనవాళ్ళు ఎవరూ ఆ తప్పు సెయ్యగూడదు. పంకజం, రాసుకో."

పెన్ను నా చేతిలోనే ఉంది. పదకొండేళ్ళుగా సాక్సులూ పెళ్ళాలూ రాసిన చెయ్యి. ఈ ఒక్క వాక్యం రాస్తే మాణిక్కం బతుకు అక్కడితో సరి. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. 'రాసుకో' అన్న ఆ మాట తీరుకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్నుకు మూత పెట్టి లేచాను.

"రాయను, అన్నా."

"ఏమి?"

"రాయను. ఇది మీ తప్పు కాదు. మీ తప్పు మీరు ఇంకా సెప్పలేదు." కృత్తిక వైపు తిరిగాను.  "కృత్తికా, ఆ బోర్డు ఫొటో మళ్ళీ పెట్టు."

కృత్తిక పెదనాన్న మొహం చూసింది, నా మొహం చూసింది. ఆ పిల్ల కూడా వ్యానులో ఉంది. వంగి ఫొటో పెట్టింది.

"ఆ పొద్దు మాణిక్కం మిమ్మల్ని రెండు తూర్లు అడిగినాడు, ఏమి రాసి ఉండాదని. మెల్లగా పొమ్మని రాసినారని మీరు సెప్తిరి. ఇందులో మెల్లగా అని ఎక్కడ ఉండాదో యేలు పెట్టి సూపియ్యండి."

నవనీతకృష్ణన్ నవ్వాడు. "ఇదేమి ఇస్కూలా, పంకజం? నేను కండ్లద్దాలు తేలేదు."

కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. అతనికీ ఆ సంగతి తెలిసి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"సరి, మీరు వద్దు" అని హాలు వైపు తిరిగాను. "మీరు సదవండి. ఎవరన్నా ఒగరు. మనం అందరం తెలుగువాళ్ళమే కదా."

 సంఘం కార్యదర్శి కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. ప్రతి జనవరిలో తల్లిభాష అని గంట సేపు ఉపన్యాసం ఇచ్చే ఆయన చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నాడు. ముందు వరసలో ఒకతను ఫోను చేత చదివిద్దామని తీసి గోడకేసి పట్టాడు. వాళ్ళావిడ అతని చెయ్యి కిందికి లాగేసింది.

"నాకూ రాదు" అన్నాను. "అన్నకు రాదని ఆ పొద్దే నాకు తెలుసును. ఇద్దరం ఒగే క్లాసులో కూర్చొని మానేసినోళ్ళమే. తెలిసీ నోరు మూసుకొని ఉంటిని. మాణిక్కం తూగలేదు. బోర్డు సూసి, నిలిపి, మనల్ని అడిగినాడు. ఇదే రాస్తాను."

నిజం చెప్పేశానన్న గర్వం ఆ క్షణాన నాలో లేకపోలేదు. ఒప్పుకుంటాను.

నవనీతకృష్ణన్ మొహం నల్లబడింది. "ఒగ డ్రైవరు కోసరం మనవాళ్ళను నలుగురిలో నిలబెడతావా నువ్వు?  ఇందులో మెల్లగా పొమ్మనే రాసి ఉండాది, నేను సెప్తుండాను. కాదని ఎవరు సెప్పేది? నీకు రాదు, వీళ్ళకు రాదు. ఎవరు సెప్పేది?"

"నేను సెప్తాను, ముదలాళీ."

మాణిక్కం లేచాడు. కుర్చీల మధ్య దారిలో, కర్ర ఆనించుకుంటూ, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చాడు. కాళ్ళు అడ్డం ఉన్నవాళ్ళు వెనక్కి లాక్కున్నారు. గోడ దగ్గర నిలబడి కర్ర ఎత్తి మొదటి అక్షరం మీద పెట్టాడు. పిల్లలు చదివినట్టు, ఒక్కొక్క అక్షరమే పట్టుకుని చదివాడు.

"ముం...దు. వం...తె...న. కూ...లిం...ది."

కర్ర కిందికి జరిపాడు.

"దా...రి. లే...దు."

మూడో వరసలో ఒక చోట ఆగాడు. తప్పు చదివి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అంతమంది తెలుగువాళ్ళం అతని నోటి వంకే చూస్తున్నాం.

"ఎ...డ...మ. వై...పు. పొం...డి."

కర్ర దించి మా వైపు తిరిగాడు. గోడ మీది వెలుగు, ఎర్ర అక్షరాలతో సహా, అతని చొక్కా మీద పడుతోంది.

"ఇరవై ఆరు దినాలు ఆస్పత్రిలో పడుకొంటిని" అన్నాడు. "పక్క మంచంలో ఒగ తాత ఉండె. నా కాలు ఏ అచ్చరాలకు పొయ్యిందో నాకు తెలియాల తాతా, నేర్పియ్యి అని అడిగితిని. మందు చీటీలు పెట్టి నేర్పిచ్చె. నిద్ర తూగినోడు బోర్డే సూసి ఉండడు కదా, ఈ అచ్చరాలు ఎందుకు నేర్చుకొంటాడు, ముదలాళీ?"

 నవనీతకృష్ణన్ ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ నడిపిన మనిషి, గాలి ఎటు తిరిగిందో పట్టేశాడు. కృత్తిక చేతిలో శాలువా లాక్కుని, రెండు చేతులా విప్పి, మాణిక్కం భుజాల మీద కప్పబోయాడు.

"సరి సరి, జరిగింది జరిగిపోయె. మన మాణిక్కం తెలుగు సదవతాడు అంటే మనకే గొప్ప కదా. వచ్చే నెల పళనికి వండి నువ్వే తోలు. ఇంక దీన్ని ఇడిసిపెడదాం" అన్నాడు హాలుకేసి చూసి.

చప్పట్లు మొదలయ్యాయి. నమ్ముతారా, చప్పట్లు కొట్టారు. తప్పించుకున్న మొహాలతో, నవ్వుతూ, కొందరు లేచి నిలబడి మరీ. ఆ చప్పట్లు వింటుంటే నాకు ఆ మినిట్సు పుస్తకం ఎత్తి ఎవరి నెత్తినైనా కొట్టాలనిపించింది.

మాణిక్కం శాలువాను కర్రతో పక్కకు తోశాడు. గట్టిగా కాదు. అది జారి నవనీతకృష్ణన్ చేతుల్లోనే మిగిలింది. చప్పట్లు ఆగాయి.

"తోలతాను ముదలాళీ. తోలేదే నా పని" అన్నాడు. "ముందర సీట్లో మాత్రం 'నాకు తెలీదు' అని సెప్పేవాళ్ళను కూర్చోపెట్టండి."

 పళని యాత్రకు ముందు సీటుకు ఎప్పుడూ పోటీయే, ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. అతను నా వైపు చూసి ఏదో మంచి మాట అంటాడని, కనీసం తల ఊపుతాడని ఎదురుచూశాను. ఎందుకు అబద్ధం, ఎదురుచూశాను.

"మీరు వద్దమ్మా" అన్నాడు. "ఆయనకు రాదని మీకు తెలుసును. తెలిసీ నా ఎనకనే కూర్చొని ఉంటిరి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. కర్ర ఆనించుకుంటూ వచ్చిన దారినే మెట్ల వైపు వెళ్ళిపోయాడు. నేను కూర్చుని, పెన్ను మూత తీసి, తప్పు అని ఉన్న చోట ముందు నా పేరు రాశాను. దాని కింద అతను నాతో అన్న మాట రాశాను.